బైబ్యాక్‌లో ఇచ్చే ఆ ఎక్కువ ధర ఎవరి జేబులోంచి వస్తుంది?

మీ ప్రశ్నను ముందు నాకు అర్థమైనట్టు చెప్తాను. 2025 నవంబరులో ఇన్ఫోసిస్ బైబ్యాక్ (కంపెనీ తన షేర్లను వాటాదారుల దగ్గర తిరిగి కొనడం) వచ్చినప్పుడు మీ పేరున ఉన్న 55 షేర్లలో 10, అనంతపురంలో ఉన్న అమ్మగారి పేరున ఉన్న 55లో 10 ఇచ్చారు. మార్కెట్లో 1,540 దగ్గర ఉన్న షేరుకు 1,800 వచ్చిందని సంతోషించారు. ఇప్పుడు పన్ను లెక్క వేయిస్తే మీకు వచ్చిన లాభం కంటే కట్టాల్సిన పన్నే ఎక్కువని తేలింది. కంపెనీ తన షేర్లు తానే ఎందుకు కొంటుంది, మార్కెట్ కంటే ఎక్కువ ఎందుకు ఇస్తుంది, ఇవ్వడం నా పొరపాటా అని అడిగారు.

నేను బెంగళూరులో 22 ఏళ్లు కంపెనీ సెక్రటరీ విభాగాల్లోనే పనిచేశాను. రెండు బైబ్యాక్‌ల కాగితాలు మొదటి బోర్డు నోటు నుంచి చివరి షేరు రద్దయ్యేదాకా నా చేతుల మీదుగా నడిచాయి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఇన్ఫోసిస్‌ను పక్కన పెట్టండి. మారతహళ్లిలో మనవాళ్లు ఐదుగురు సమానంగా డబ్బు పెట్టి ఒక ఆంధ్రా మెస్ నడుపుతున్నారనుకోండి. మెస్ విలువ 40 లక్షలు. బ్యాంకులో ఊరికే పడి ఉన్న డబ్బు ఇంకో 10 లక్షలు. మొత్తం 50, ఒక్కొక్కరి వాటా 10 లక్షలు. ఒకాయన ఊరికి వెళ్లిపోతానంటే బ్యాంకులో ఉన్న 10 లక్షలు ఆయనకిచ్చి పంపేశారు. ఇప్పుడు 40 లక్షల మెస్‌కు నలుగురు యజమానులు, తలా 10 లక్షలు. ఎవరూ లాభపడలేదు, ఎవరూ నష్టపోలేదు. అదే ఆయన తొందరలో ఉండి 8 లక్షలకే ఒప్పుకుంటే? మెస్ 40, మిగిలిన డబ్బు 2, మొత్తం 42 లక్షలు నలుగురికి. తలా పదిన్నర లక్షలు. ఉండిపోయినవాళ్లు బాగుపడ్డారు. ఆయన 12 లక్షలు కావాలని పట్టుబడితే, తక్కువపడిన 2 లక్షలు అప్పు తెచ్చి ఇస్తే? నలుగురికీ మిగిలేది 38 లక్షలు, తలా తొమ్మిదిన్నర. వెళ్లినాయనకు 2 లక్షలు ఎక్కువ వచ్చాయి, అవి ఉండిపోయిన నలుగురి నుంచి తలా యాభై వేలు.

బైబ్యాక్ అంటే ఇంతే. కంపెనీ డబ్బు అంటే వాటాదారుల డబ్బే. ఎక్కువ ధర ఇస్తున్నారంటే ఆ ఎక్కువ మొత్తాన్ని షేర్లు ఇవ్వకుండా ఉండిపోయినవాళ్లు భరిస్తున్నారని అర్థం. తక్కువ ధరకు కొంటే ఇచ్చినవాళ్లు భరిస్తారు. కాబట్టి బైబ్యాక్ ప్రకటన వినగానే మంచిదా చెడ్డదా అని కాదు, ఈ ధరకు నేను ఏ వైపు ఉండాలి అని అడగాలి.

ఇప్పుడు ఇన్ఫోసిస్ లెక్క. 2025 సెప్టెంబరు 11న బోర్డు ఒప్పుకుంది. 18,000 కోట్లు, షేరుకు 1,800, మొత్తం 10 కోట్ల షేర్లు. కంపెనీ మొత్తం షేర్లలో ఇవి 2.41 శాతం. ఎలక్ట్రానిక్స్ సిటీలో ఆ క్యాంపస్ మొదలైన రోజుల నుంచి చూస్తున్నవాళ్లకు ఇది కొత్త కాదు. 2017లో 13,000 కోట్లతో తొలి బైబ్యాక్ చేశారు, అప్పటి ధర షేరుకు 1,150. తర్వాత 2019లో, 2021లో, 2022-23లో మళ్లీ చేశారు. కంపెనీకి ఏటా మిగిలే నగదులో, ఐదేళ్ల మొత్తం మీద సుమారు 85 శాతాన్ని డివిడెండ్ల రూపంలోనో బైబ్యాక్‌ల రూపంలోనో వాటాదారులకు తిరిగి ఇస్తామని వాళ్లు ముందే విధానంగా ప్రకటించారు. సాఫ్ట్‌వేర్ సేవల కంపెనీకి ఫ్యాక్టరీలు, యంత్రాలు అక్కర్లేదు. డబ్బు పేరుకుంటుంది. పేరుకున్న దాన్ని తిరిగి ఇచ్చేయడం నిజాయితీ గల పని. పనికిమాలిన కంపెనీని కొని పోగొట్టడం కంటే వెయ్యి రెట్లు నయం. ఈ మాట నేను మనస్ఫూర్తిగా అంటున్నాను.

"షేర్లు తగ్గుతాయి కాబట్టి ఒక్కో షేరుకు వచ్చే లాభం పెరుగుతుంది" అని టీవీలో చెప్తారు. ఇది సగం నిజం. మీరే లెక్క వేసి చూడండి. 2024-25లో ఇన్ఫోసిస్ నికర లాభం సుమారు 26,700 కోట్లు. సుమారు 415 కోట్ల షేర్లతో భాగిస్తే షేరుకు 64 రూపాయల పైచిలుకు. బైబ్యాక్ తర్వాత షేర్లు 405 కోట్లు. కానీ 18,000 కోట్లు వెళ్లిపోయాయి కదా, ఆ డబ్బు మీద వడ్డీ కూడా వెళ్లిపోతుంది. 7 శాతం వడ్డీ అనుకుంటే 1,260 కోట్లు, పన్ను పోను దాదాపు 945 కోట్లు. లాభం 25,755 కోట్లకు తగ్గింది. దాన్ని 405తో భాగిస్తే షేరుకు 63 రూపాయల 60 పైసలు వస్తుంది. అంటే పెరగలేదు, కొంచెం తగ్గింది!

ఎందుకంటే 1,800 పెట్టి 64 రూపాయలు సంపాదించే షేరును కొన్నారు. అంటే మూడున్నర శాతం. అదే డబ్బు డిపాజిట్‌లో ఉంటే పన్ను పోను ఐదు శాతం పైన వచ్చేది. ఈ ఏడాది లెక్కలో ఇది నష్టం. లాభాలు ఏటా పెరుగుతూ పోతే ఆ షేర్లను రద్దు చేసినందుకు కొన్నేళ్ల తర్వాత ఫలితం కనిపిస్తుంది, డిపాజిట్ వడ్డీ మాత్రం పెరగదు. అందుకే బైబ్యాక్ బాగుందో లేదో కంపెనీ ఎదుగుదల మీద, కొన్న ధర మీద ఆధారపడి ఉంటుంది. షేర్ల సంఖ్య తగ్గినంత మాత్రాన ఏదీ తేలదు. షేరు సంపాదన డిపాజిట్ వడ్డీ కంటే ఎక్కువగా ఉన్నంత చవగ్గా దొరికినప్పుడు చేసే బైబ్యాక్ మాత్రం మొదటి రోజు నుంచే ఉండిపోయినవాళ్లకు మేలు చేస్తుంది. దురదృష్టం ఏమిటంటే చాలా కంపెనీలకు చేతిలో డబ్బు ఎక్కువ ఉండేది షేరు ధర కూడా బాగా ఉన్నప్పుడే.

కొన్న షేర్లను కంపెనీ ఏం చేస్తుందని అడిగారు. మన దేశంలో వాటిని దాచుకుని మళ్లీ అమ్మే వీలు లేదు. రద్దు చేయాల్సిందే. నిజానికి 1998కి ముందు ఇక్కడ బైబ్యాకే కుదిరేది కాదు. 1887లో ఇంగ్లండ్ హౌస్ ఆఫ్ లార్డ్స్ ఇచ్చిన ట్రెవర్ వర్సెస్ విట్‌వర్త్ తీర్పు నుంచి వచ్చిన సూత్రం అది: కంపెనీ పెట్టుబడిని చూసి అప్పిచ్చినవాడు ఉంటాడు, ఆ పెట్టుబడిని వాటాదారులు చాటుగా వెనక్కి తీసుకుంటే వాడి గతేం కావాలి? ఇప్పటి నియమాలు చాలావరకు ఆ భయంలోంచి పుట్టినవే. 2013 కంపెనీల చట్టం 68వ సెక్షన్ ప్రకారం పెయిడప్ క్యాపిటల్ (వాటాదారులు కట్టిన మూలధనం), ఫ్రీ రిజర్వులు (పంచడానికి వీలున్న మిగులు) కలిపిన మొత్తంలో 10 శాతం వరకు బోర్డు ఒక్కటే నిర్ణయించుకోవచ్చు. అంతకు మించితే వాటాదారుల ప్రత్యేక తీర్మానం కావాలి, అప్పుడూ 25 శాతమే హద్దు. బైబ్యాక్ అయ్యాక కంపెనీ అప్పులు సొంత పెట్టుబడికి రెండింతలు దాటకూడదు. ఒకటి ముగిశాక ఏడాది దాకా మరొకటి చేయకూడదు.

ఆ తీర్మానం మీద మీ ఓటు అడుగుతూ పోస్టల్ బ్యాలెట్ అని ఈమెయిల్ వచ్చి ఉంటుంది, చూడకుండా వదిలేసి ఉంటారు. మీరొక్కరే కాదు, చాలామంది అంతే చేస్తారు. ఈసారి తెరిచి చదవండి. అందులో ఉండే వివరణ పత్రంలో ప్రమోటర్లు (కంపెనీ పెట్టినవాళ్లు, వాళ్ల కుటుంబాలు) తమ షేర్లు ఇస్తున్నారా లేదా అన్నది రాసి ఉంటుంది. నేను మొదట చూసే వాక్యం అదే. 2025లో ఇన్ఫోసిస్ ప్రమోటర్లు తాము పాల్గొనబోమని చెప్పారు. వాళ్లకున్న వాటా 13.05 శాతం. ఇవ్వకపోవడం వల్ల, చెప్పినన్ని షేర్లూ కొంటే, అది 13.37కి పెరుగుతుంది. మన సర్జాపూర్ రోడ్డులోని విప్రో సంగతి వేరు. అక్కడ ప్రమోటర్ల వాటా 70 శాతం పైన, గతంలో వాళ్లు బైబ్యాక్‌లలో పాల్గొన్నారు. అలాంటి చోట బయటికి వెళ్లే డబ్బులో పెద్ద భాగం ప్రమోటర్లకే చేరుతుంది. అది తప్పని అనడం లేదు, మీ లెక్కలో మాత్రం ఉండాలి.

ఇక మీలాంటి చిన్న వాటాదారుల విషయం. ఈ భాగం బాగా తెలుసుకోవాలి, ఎందుకంటే చట్టం మీ పక్షాన ఉన్న చోటు ఇదే.

రికార్డ్ డేట్ నాడు, అంటే ఎవరి దగ్గర ఎన్ని షేర్లున్నాయో కంపెనీ లెక్క చూసే రోజు, మీ దగ్గరున్న షేర్ల విలువ 2 లక్షలు మించకపోతే మీరు చిన్న వాటాదారు. టెండర్ పద్ధతిలో, అంటే కంపెనీ చెప్పిన ధరకు వాటాదారులే తమ షేర్లు ఇచ్చే పద్ధతిలో, కొనే షేర్లలో కనీసం 15 శాతం మీ కోసం పక్కన పెట్టాలి. దాని ప్రభావం ఎంతో చూడండి. ఇన్ఫోసిస్‌లో చిన్నవాళ్లకు ప్రతి 11 షేర్లకు 2 ఇచ్చే హక్కు వచ్చింది. మిగతావాళ్లకు ప్రతి 706 షేర్లకు 17. అంటే మీకు 18 శాతం, పెద్ద ఫండ్లకు రెండున్నర శాతం కూడా లేదు. మీ 55 షేర్లకు 10 అలా వచ్చినవే.

షేరుకు 260 ఎక్కువ చొప్పున 10 షేర్లకు మీకు దక్కింది 2,600. మిగిలిన 45 షేర్ల మీద మీరు భరించింది? కంపెనీ ఎక్కువగా చెల్లించింది 2,600 కోట్లు, అది మిగిలిన 405 కోట్ల షేర్ల మీద పడితే షేరుకు ఆరున్నర రూపాయలు కూడా కాదు. 45 షేర్లకు 290 దాకా. పన్ను సంగతి పక్కన పెడితే, ఇచ్చిన చిన్న వాటాదారు చక్కగా లాభపడ్డాడు. ఏమీ చేయకుండా కూర్చున్నవాడు 55 షేర్ల మీద సుమారు 350 రూపాయలు వేరేవాళ్లకు ఇచ్చేశాడు. ఈమెయిల్ చదవనందుకు కట్టిన మూల్యం అది. చిన్న వాటాదారుల్లో చాలామంది ఇవ్వరు కాబట్టి, హక్కు కంటే ఎక్కువ షేర్లు పెట్టినవాళ్లకు ఆ మిగిలిన చోటులో అవకాశం దొరుకుతుంది. మీరు సరిగ్గా 10 పెట్టి ఆగిపోయారు. ఇంకో పది పదిహేను పెట్టి ఉన్నా నష్టం లేదు, తీసుకోనివి మీ డీమ్యాట్‌లోనే మిగిలిపోయేవి. షేర్లు పెట్టినప్పుడు వాటి మీద తాత్కాలికంగా లియన్ (అమ్మకుండా ఆపి ఉంచే గుర్తు) మాత్రమే పడుతుంది, అవి ఎక్కడికీ పోవు.

ఇది విని, రికార్డ్ డేట్ ముందు రోజు రెండు లక్షలకు దగ్గరగా కొనేద్దామనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. కొన్నేళ్ల కిందట ఒక కంపెనీ షేర్లు 1,96,000కు కొన్నాను. రికార్డ్ డేట్ నాడు షేరు మూడు శాతం పెరిగింది. నా షేర్ల విలువ 2,01,880 అయింది. విలువ లెక్కగట్టేది ఆ రోజు ముగింపు ధరతో. చిన్న వాటాదారు కోటాలోంచి బయటపడ్డాను. నూటికి మూడు షేర్లు మాత్రమే తీసుకున్నారు. బైబ్యాక్ ముగిశాక షేరు ధర జారింది, మిగిలినవి ఏడాదిన్నర నాతోనే ఉన్నాయి. కాబట్టి బైబ్యాక్ కోసమే కొంటే లక్షా డెబ్బై వేలు దాటకండి. మీరు వద్దనుకునే కంపెనీ షేరును బైబ్యాక్ కోసం అసలు కొనకండి, ఎందుకంటే ఎక్కువ భాగం మీ దగ్గరే మిగిలిపోతుంది. రెండు మూడు డీమ్యాట్ ఖాతాల్లో విడగొట్టినా లాభం లేదు, ఒకే పాన్ కింద ఉన్నవన్నీ కలిపే లెక్కేస్తారు. అమ్మగారి పాన్ వేరు కాబట్టి ఆమెకు ఆమె హక్కు వేరుగా వచ్చింది.

మీ రూమ్మేట్ "గరిష్ఠ ధర 1,850 అన్నారు, నాకు ఎవరూ ఇవ్వలేదు" అన్నది 2022-23 నాటి బైబ్యాక్ గురించి. అది ఓపెన్ మార్కెట్ పద్ధతి. అందులో కంపెనీ మామూలు కొనుగోలుదారులా ఎక్స్ఛేంజ్‌లో రోజూ కొంటుంది, 1,850 అన్నది దాటకూడని హద్దు మాత్రమే. చివరికి సగటున సుమారు 1,540కే కొన్నారు. ఎవరి షేరు కంపెనీ కొన్నదో అమ్మినవాడికి కూడా తెలియదు. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఆ పద్ధతిని మెల్లగా తగ్గిస్తూ వచ్చి 2025 ఏప్రిల్ నుంచి ఎక్స్ఛేంజ్ ద్వారా చేసే బైబ్యాక్‌లను ఆపేసింది. మీ రూమ్మేట్ స్టార్టప్‌లో ఈసాప్ (ఉద్యోగులకిచ్చే షేర్ల ఆప్షన్లు) బైబ్యాక్ అన్నది వేరే సంగతి. షేర్లుగా మార్చుకోని ఆప్షన్లకు డబ్బిస్తే దాన్ని సాధారణంగా జీతంలాగే చూస్తారు. దాన్ని ఈ లెక్కల్లో కలపకండి.

ఇప్పుడు మీ అసలు టెన్షన్, పన్ను.

లిస్టెడ్ కంపెనీల బైబ్యాక్‌ల మీద 2019 జూలై నుంచి 2024 సెప్టెంబరు దాకా పన్ను కంపెనీయే కట్టేది, సర్‌ఛార్జీ, సెస్సుతో కలిపి 23 శాతం పైన. మన చేతికి వచ్చేది పన్ను లేని డబ్బు. 2024 అక్టోబరు 1 నుంచి అది తిరగబడింది. మీరు ఇచ్చిన నాటి ఆ నియమం ప్రకారం వచ్చిన మొత్తం డబ్బు డివిడెండ్ కింద లెక్క. లాభం మీద కాదు, మొత్తం మీద పన్ను. కొన్న ధర మొత్తం క్యాపిటల్ నష్టం (పెట్టుబడి మీద నష్టం) కింద వేరుగా చూపించుకోవాలి.

మీరు 2023లో 1,400 చొప్పున కొన్నారు, 30 శాతం స్లాబులో ఉన్నారు. 18,000 మీద సెస్సుతో 31.2 శాతం, అంటే 5,616. మీ అసలు లాభం 4,000 మాత్రమే. చేతికి మిగిలింది 12,384. అదే రోజు మార్కెట్లో అమ్మి ఉంటే 15,400 వచ్చేది. మీకు చేకూరిన 14,000 దీర్ఘకాలిక క్యాపిటల్ నష్టాన్ని వేరే దీర్ఘకాలిక లాభంతో సర్దుకోగలిగితే 1,820 దాకా పన్ను మిగులుతుంది. అది కలిపినా మార్కెట్ కంటే వెయ్యి రూపాయలకు పైగా తక్కువే. అవునండి, మీ పేరున ఇవ్వడం పొరపాటే. ఇంత చదువుకున్నవాళ్లు కూడా ఈ పొరపాటు చేశారు, ఎందుకంటే అందరూ 1,800నే చూశారు.

అమ్మగారి విషయం పూర్తిగా వేరు. పెన్షన్ తప్ప వేరే ఆదాయం లేదన్నారు. కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం దాకా రిబేటు ఉంది, డివిడెండ్‌కు కూడా అది వర్తిస్తుంది. ఆమెకు 18,000 పూర్తిగా మిగిలినట్టే. ఆమె పేరున ఇవ్వడం నూటికి నూరు పాళ్లు సరైన పని. ఒకే ఇంట్లో, ఒకే షేరు, ఒకే రోజు ఇస్తే ఒకరికి నష్టం, ఇంకొకరికి లాభం. అందుకే ఎవరైనా "బైబ్యాక్‌లో ఇవ్వాలా వద్దా" అని అడిగితే నేను ఎవరి పేరున ఉన్నాయని తిరిగి అడుగుతాను.

ఇక ముందు ఈ లెక్క మారుతోంది. 2026 ఫిబ్రవరి 1 బడ్జెట్లో బైబ్యాక్‌ను మళ్లీ క్యాపిటల్ గెయిన్స్ కింద చూడాలని, ప్రమోటర్లు మాత్రం అదనపు పన్ను కట్టాలని ప్రతిపాదించారు, ఏప్రిల్ 1 నుంచి వర్తించేలా. ప్రమోటర్ కంపెనీ అయితే మొత్తం భారం 22 శాతం, వ్యక్తులైతే 30 శాతం. ఆ లెక్కలో మీ 10 షేర్ల మీద పన్ను పడేది 4,000 లాభం మీదే. ఏడాది దాటి ఉంచుకున్న షేర్లయితే ఏటా లక్షా పాతిక వేల దీర్ఘకాలిక లాభం దాకా పన్నే లేదు. అంటే ఇకపై వచ్చే టెండర్ బైబ్యాక్‌లో చిన్న వాటాదారుగా మీరు కూడా ఇవ్వడమే మంచిది. మీరు ఇచ్చింది పాత నియమం కాలంలో కాబట్టి దానికి ఈ మార్పు వర్తించదు.

ఇప్పుడు చేయాల్సిన పనులు రెండున్నాయి. మీరు ఈసారి ఐటీఆర్-2 వేయాలి, ఐటీఆర్-1 కాదు. అందులో 14,000 నష్టాన్ని చూపించి, గడువు తేదీ లోపే దాఖలు చేయండి. ఆలస్యమైతే ఆ నష్టాన్ని రాబోయే ఏళ్లకు తీసుకెళ్లే హక్కు పోతుంది. సమయానికి వేస్తే ఎనిమిదేళ్ల దాకా వాడుకోవచ్చు. రెండోది అమ్మగారి గురించి. 18,000 అన్నది పదివేలు దాటింది కాబట్టి 10 శాతం, అంటే 1,800 టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోసి ఉంటారు. ఆమె ఫారం 26ఏఎస్ తెరిచి చూడండి, అక్కడ కనిపిస్తుంది. ఆదాయం తక్కువే కదా రిటర్ను అక్కర్లేదని వదిలేయకండి, రిటర్ను వేస్తేనే ఆ డబ్బు తిరిగి వస్తుంది. ఆమె బ్యాంకు ఖాతా ఆదాయపు పన్ను పోర్టల్‌లో ప్రీ-వ్యాలిడేట్ (ముందే సరిచూడటం) అయి ఉందో లేదో కూడా ముందే చూసుకోండి. కాకపోతే రిఫండ్ అక్కడే ఆగిపోతుంది.